పెంచిన పక్షియెడ మన ధర్మము

భూతదయ ధర్మములలో నుత్తమమైనదని యొప్పుకొననివారు మనలో నెవ్వరును లేరు. ఆకలిగొన్న పశువునకు గడ్డి వేయుట, దప్పిగొన్న పక్షికి నీళ్లు పెట్టుట, గూటినుండి జారిపడిన పిల్లను చేతిలోనికి తీసికొని సంరక్షించుట మంచిపనులని చిన్నబిడ్డలకు సహితము మనము బోధించుచున్నాము. అయినను దయ యనునది మనసు కరగినంతమాత్రమున ముగియునది కాదు. కరగిన మనసు చేయించిన పని యెవరికి మేలు చేసినదో, ఎవరి సంతోషముకొరకు జరిగినదో విచారించినప్పుడే యది ధర్మమో కాదో తేలును. అడవిపక్షిని చేరదీసి పెంచి, దానితో చెలిమి చేయు విషయమున నీ విచారణ మిక్కిలి యావశ్యకమని మాకు తోచినది. పక్షులను హింసించువారిని గూర్చి మేమిచ్చట చెప్పబోవుట లేదు; వారి తప్పు స్పష్టమే. ప్రేమించువారిని గూర్చియే చెప్పదలచితిమి. ఏలయన, ప్రేమవలన కలుగు హాని ప్రేమించువాని కంటికి కనబడదు.

మా యనుభవములోని సంగతి నొకదానిని ముందుగా చెప్పెదము. అది మాకు గౌరవము తెచ్చునది కాదు. అనేక సంవత్సరముల క్రిందట నొక వేసవి గాలివానకు మా పెరటి వెనుకనున్న తాటిమోడు విరిగిపడెను. దాని తొర్రలో రామచిలుక పిల్లలు మూడుండెను. రెండు చచ్చిపోయినవి. రెక్కలైనను సరిగా రాని మూడవదానిని ఇంటికి తెచ్చి, గంపలో పాతగుడ్డలు పరచి పడుకొనబెట్టి, నానబెట్టిన సెనగపప్పు మెత్తగా నూరి వ్రేలికొనతో తినిపించితిమి. అది బ్రతికెను. బ్రతుకుటయే గాక మమ్మే తన కుటుంబముగా నెంచుకొనెను. వీథివాకిట మేము చెప్పులు విడిచిన చప్పుడు వినగానే పంజరమునుండి కేకవేయును. తలుపు తీసినతోడనే భుజముపై వ్రాలి చెవితమ్మె నల్లనల్లన కొరుకును. వ్రాయుచుండగా కలము కొన పట్టి లాగును. ఇరుగుపొరుగువారు "ఎంత పుణ్యాత్ములో మీరు" అనుచుండిరి. మేమును లోలోపల నట్లే యనుకొని గర్వపడుచుంటిమి.

రెండేండ్లు గడచెను. ఒకనాటి సాయంకాలమున చిలుకలగుంపొకటి యరచుచు మా యింటిమీదుగా పోవుచుండగా, మా చిలుక పంజరపు కమ్మికి ముక్కాని, ఆ గుంపు కనుమరుగగువరకును చూచి, పిదప మావైపు తిరిగి "భోజనమైనదా?" అని పలికెను. అది మేము నేర్పిన మాట. స్వజాతివారి పిలుపునకు బదులు చెప్పుటకు దానియొద్ద వేఱు మాట లేదు. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. మరునాడు పంజరమును పెరటిలో పెట్టి, పిల్లలను ప్రోగుచేసి, స్వాతంత్ర్యమును గూర్చి వారికి నాలుగు మాటలు చెప్పి తలుపు తీసితిమి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. చిలుక గోడమీదికెగిరి, అటునిటు చూచి, తిరిగివచ్చి మా భుజముపైననే వ్రాలెను. మరల మరల దానిని దూరముగా తోలితిమి. రెండు దినములు అది కిటికీయొద్దకు వచ్చుచునే యుండెను. మేము కంటబడుచున్నంతకాలము దానికి అలవాటు వదలదని తలచి మూడవనాడు కిటికీ మూసితిమి. చీకటిపడువరకును అది కిటికీరెక్కను ముక్కుతో కొట్టుచు, మేము నేర్పిన మాటలన్నియు నొకదానివెంట నొకటి చెప్పెను. తెల్లవారి చూడగా జామచెట్టు క్రింద పచ్చని యీకలు పడియుండెను. పిల్లి యెత్తుకొనిపోయినది.

ఈ సంగతి విన్న మిత్రులలో నొకరు, అలవాటుపడిన పక్షిని విడువకయే యుండవలసినదనిరి. మరియొకరు, మొదటనే పంజరమున పెట్టకుండవలసినదనిరి. ఇద్దరి మాటలును సగము నిజమే. విడువకయున్నచో ఆ చిలుక బ్రతికియుండును గాని, చిలుకగా బ్రతికియుండదు. పంజరమే లేకున్నను, ఇంటిలో విచ్చలవిడిగా తిరిగి మాచేత మేత తిని మాతోనే మాటలాడి పెరిగిన పక్షికి పిల్లి యనగా శత్రువని యెవరు నేర్పియుందురు? డేగనీడ పడినప్పుడు దాగవలెనని యెవరు చెప్పియుందురు? కాబట్టి తప్పు కిటికీ మూసిననాడు మొదలైనది కాదు. మేమే దానికి తల్లియు, తోడును, జాతియు నైన దినముననే మొదలైనది. చేతిలో పెరిగిన పక్షికి పంజరములు రెండు. ఒకటి కమ్మీలతో చేసినది. రెండవది అలవాటుతో చేసినది. మొదటిదానికి తలుపు కలదు. రెండవదానికి లేదు. మేము మొదటిదాని తలుపు తీసి రెండవదానిని మరచితిమి.

మన పూర్వులకు మొదటి పంజరమును గూర్చిన నీతి తెలియకపోలేదు. భక్త రామదాసు గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు బాధలుపడుటకు కారణమేమని యడిగినచో, పూర్వజన్మమున నాతడొక చిలుకను పండ్రెండు దినములు పంజరమున బంధించెనని మన యిండ్లలో పెద్దవాండ్రు చెప్పుదురు. పూర్వజన్మపు మాట నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు నమ్మరు. అది యిచ్చట మనకు పనిలేదు. చిలుక చెరయు మనుష్యుని చెరయు నొకే త్రాసులో తూచదగినవని యెంచిన జనుల ధర్మబుద్ధి మాత్రము మెచ్చదగినది. అయినను ఆ కథ చెప్పిన నోటితోనే చిలుకకు మాటలు నేర్పుటయు మనకు వాడుకయే. మనసులోని రెండవ పంజరమును గూర్చి మన పూర్వులు విచారించినట్లు కనబడదు. దానిని మనకు చూపినది యిటీవలి ప్రకృతిశాస్త్రము.

ఇంగ్లండు దేశస్థుడగు డగ్లస్ స్పాల్డింగ్ అనునతడు, గ్రుడ్డునుండి వెలువడిన కోడిపిల్లలు తమ కంటికి మొదట కదలుచు కనబడిన దేనినైనను తల్లిగా నెంచి వెంబడించునని 1873 సంవత్సరమున వ్రాసెను. పిమ్మట ఆస్ట్రియా దేశస్థుడగు కాన్రాడ్ లోరెంజ్ ఈ సంగతినే విస్తరించి పరిశోధించి 1935లో నొక గొప్ప ప్రబంధమును ప్రకటించెను. ఆ తెఱగు పరిశోధనలకే 1973లో మరి యిద్దరితో కలిసి నోబెల్ బహుమానము నందెను. ఆయన యొక యడవిబాతు పిల్ల గ్రుడ్డునుండి బయటికి వచ్చుట దగ్గర కూర్చుండి చూచి, తరువాత దానిని పెంపుడుబాతు రెక్కల క్రింద పెట్టగా, అది యచ్చట నిలువక యేడ్చుచు ఆయన వెంటనే పరుగెత్తివచ్చెను. మైనపుముద్దపై నుంగరము నొత్తినట్లు, పుట్టిన కొన్ని గంటలలో ఆ పిల్ల మనసుపై ముద్ర పడిపోయినది. కొన్ని జాతులలో నీ ముద్ర గంటలలో పడును. చిలుకలవలె గూటిలో చాలదినములుండి పెరుగు జాతులలో మెల్లమెల్లగా పడును. ఎట్లు పడినను దానిని చెరపుట మిక్కిలి కష్టము. ఆయన పెంచిన కాకిజాతి పక్షి యొకటి పెద్దదై, జతను వెదకుకొను వయసు రాగా, ఆయననే తన జతగా నెంచి, నమిలిన పురుగులను ముద్దచేసి ఆయన చెవిలో పెట్టుచుండెనట. చదివినవారు నవ్వుదురు. మాకు మాత్రము మా చెవితమ్మెను కొరికిన చిలుక జ్ఞప్తికి వచ్చి నవ్వు రాలేదు.

దీనినిబట్టి తేలునదేమి? చేతిలో పెరిగిన పక్షి మనలను ప్రేమించుట మన గుణములను పరీక్షించి చేసిన పని కాదు. దానికి వేఱు దారి లేకుండ చేసి, పిదప ఆ ప్రేమను మన పుణ్యమునకు ఫలముగా నెంచుకొనుట న్యాయము కాదు. బిడ్డ తల్లిని ప్రేమించుటయు నిట్టిదే కాదా యని కొందరడుగవచ్చును. నిజమే, కాని బిడ్డ పెరిగి మనుష్యులలోనే బ్రతుకవలెను గనుక ఆ తల్లిప్రేమ వానిని లోకమునకు సిద్ధపరచును. పక్షిపై మనము వేయు ముద్ర దానిని దాని లోకమునకు పనికిరాకుండ చేయును. భేదమంతయు నిచ్చటనే యున్నది.

అమెరికాలో జరిగిన యొక చరిత్ర ఈ భేదమును చక్కగా తెలుపును. అచ్చట హూపింగ్ క్రేన్ అను తెల్లని పెద్ద క్రౌంచజాతి పక్షులు వేటచేతను, వాసస్థలములు నశించుటచేతను క్షీణించి, 1941 నాటికి ఇరువది మాత్రమే మిగిలినవని చెప్పవచ్చును. ఆ జాతిలోని టెక్స్ అను నాడుపక్షి 1960ల దశాబ్దమున నొక జంతుప్రదర్శనశాలలో పుట్టి, దుర్బలముగా నుండుటచే నొక పెద్దమనిషి యింట పెరిగెను. వారు దానిని బ్రతికించిరి. ఆ పని తప్పని మేమనము. కాని పెద్దదైన పిమ్మట ఆ పక్షి తన జాతి మగపక్షులవైపు చూడక మగమనుష్యులనే కోరుకొనెను. అంత చిన్న సంఖ్యలో మిగిలిన జాతికి ఒక్క యాడుపక్షియైనను వ్యర్థమగుట గొప్ప నష్టము. క్రౌంచపక్షుల రక్షణకై పాటుపడు జార్జి ఆర్చిబాల్డ్ అనునతడు 1976 మొదలుకొని అనేక వసంతములు దానితో కాపురమున్నట్లుగా నుండి, క్రౌంచములు జతకూడునప్పుడు చేయు నాట్యమును తాను చేతులు చాపి గంతులువేసి చేయుచు, దానిని గ్రుడ్డుపెట్టుటకు పురికొల్పెను. శాస్త్రజ్ఞులు కృత్రిమరీతిగా గర్భము కలిగించిరి. 1982లో ఒక పిల్ల పుట్టెను. కొద్ది వారములకే టెక్సును రకూన్ అను రాత్రించర జంతువులు చంపివేసినవి. ఆ పిల్ల మాత్రము పెరిగి తన జాతిలోనే జతకూడి సంతానమును పొంది 2021 వరకు జీవించెను. ఒకరు చేసిన ముద్దు తీర్చుటకు మరియొకడు సంవత్సరములతరబడి పొలములో గంతులు వేయవలసివచ్చెను. ప్రేమకు కూడ ఋణము కలదని యింతకంటె స్పష్టముగా నెట్లు చెప్పవచ్చును?

ఆ దేశమువారే 1975లో మరియొక యుపాయము పన్నిరి. హూపింగ్ క్రేనుల గ్రుడ్లను ఐడహో రాష్ట్రమునందలి గ్రేస్ లేక్ అనుచోట దాని దాయాదులగు శాండ్‌హిల్ క్రేనుల గూళ్లలో పెట్టిరి. ఆ పెంపుడుతల్లులు పిల్లలను చక్కగా పెంచి, ఆహారము వెదకుటయు వలసపోవుటయు నేర్పినవి. మనుష్యుని చేయి తగులలేదు; పంజరము లేదు. అయినను ఆ పిల్లలు పెద్దవై తమ్ము తాము పెంచినవారి జాతిగానే యెంచుకొన్నవి. వానిలో నొక్క జతయైనను స్వజాతిలో కూడలేదు. 1989లో ఆ ప్రయత్నము నిలిపివేసిరి. మనుష్యుడు చెడ్డవాడగుటచేతనే హాని కలుగుచున్నదని తలచువారికి ఇది సమాధానము. పెంచినవారు పక్షులే యైనను, ప్రేమతోనే పెంచినను, వేఱు జాతి ముద్ర పడినచో ఫలమట్లే యుండును.

ఈ యనుభవములనుండి వారు నేర్చిన పాఠము మాకు మిక్కిలి గంభీరముగా తోచినది. క్రౌంచపుపిల్లలను పెంచువారు తలనుండి మోకాళ్లవరకు తెల్లని వస్త్రము కప్పుకొని, ముఖము కనబడకుండ ముసుగు వేసికొని, చేతికి క్రౌంచపు తలవంటి బొమ్మను తొడిగికొని, ఆ బొమ్మముక్కుతోనే మేత చూపుదురు. పిల్లల యెదుట నొక్క మాటయైనను పలుకరు. 2001లో ఇట్లు పెరిగిన పిల్లలు చిన్న తేలికపాటి విమానము వెంట నెగురుచు, విస్కాన్సిన్ రాష్ట్రమునుండి ఫ్లోరిడా వరకు సుమారు 1900 కిలోమీటర్ల వలసమార్గమును నేర్చినవి. ఆ విమానము నడుపువారును ముసుగులోనే యుండిరి. చదువరులారా, ఈ పెంపకమును గూర్చి యొక్క నిమిష మాలోచింపుడు. మాసములతరబడి రాత్రింబవళ్లు సేవచేసి, ఆ బిడ్డ తన ముఖమునైన నెరుగకుండ, తన కంఠస్వరమునైన వినకుండ, కృతజ్ఞతతో నొకసారియైనను తనవైపు చూడకుండ పెంచుట! ఫలాపేక్షలేని కర్మమును గూర్చి మనము సభలలో చాల మాటలు చెప్పుదుము. ఆ మాటలకు దేహము కల్పించినచో ఆ ముసుగు వేసికొన్నవానివలె నుండునని మాకు తోచుచున్నది.

అట్టి సేవయు సంపూర్ణము కాలేదని చెప్పుట సత్యమునకు మనము చెల్లింపవలసిన ఋణము. విమానము వెంట పెరిగిన పక్షులు వలసపోయినవి, తిరిగివచ్చినవి, జతకూడినవి, గ్రుడ్లు పెట్టినవి. కాని పిల్లలను పెంచి పెద్దచేయుటలో మిక్కిలి వెనుకబడినవి. కుట్టు నల్లయీగల బాధకు గూళ్లు విడిచిపోవుట యొక కారణముగా కనబడెను. తల్లిదండ్రుల పెంపకము నెరుగకుండ పెరుగుటయు కారణమై యుండవచ్చునని పలువురు భావించిరి. 2016లో ఆ దేశపు ప్రభుత్వశాఖవారు విమానముతో నడిపించుట మానిపించి, చెరలోనున్న క్రౌంచదంపతులచేతనే పిల్లలను పెంచించి విడుచు పద్ధతిని ముందునకు తెచ్చిరి. మనుష్యుడు తన్ను తాను మరుగుపరచుకొనుట మంచిదే. అంతకంటె మంచిది, తల్లికి తావిచ్చి తాను తొలగిపోవుట.

దీనికి ప్రతిగా నొక యాక్షేపము కలదు. దానిని దాచుట మాకిష్టము లేదు. యూరపుఖండమున నాలుగువందల యేండ్ల క్రిందట నశించిన బోడితల ఐబిస్ పక్షిని మరల ప్రతిష్ఠించుటకై యోహానెస్ ఫ్రిట్జ్ అను నాస్ట్రియా దేశస్థుడును ఆయన సహాయులును ముసుగు వేసికొనకయే పెంచుచున్నారు. పెంపుడుతల్లులైన స్త్రీలు పిల్లలను ఒడిలో పెట్టుకొని, ముద్దుచేసి, పిలిచి, ఆ ప్రేమముద్ర బలముననే విమానము వెంట వానిని దక్షిణదేశములకు నడిపించుచున్నారు. ఇట్లు మార్గము నేర్చిన పక్షి యొకటి 2011లో ఇటలీనుండి ఆల్ప్సు పర్వతములకుత్తరమున తన పుట్టినచోటికి తానై తిరిగివచ్చెను. అట్లయినచో ముద్రవేయుట తప్పని యెట్లనవచ్చును? మా సమాధానమిది. ఆ పిల్లలు ఒంటరిగా కాక గుంపుగా పెరుగుచున్నవి గనుక జతను తమలోనే వెదకుకొనుచున్నవి. ఆ తల్లులు ఇంటివారిని, వచ్చిపోవువారిని దగ్గరకు రానీయరు. వలస ముగిసిన దినమున పిల్లలనచ్చట విడిచి తాము మరలిపోవుదురు. ముద్ర వేయుటకు పూర్వమే దానిని విడుచు దినమును నిర్ణయించుకొన్నవారు వారు. ప్రేమ కనబడుట తప్పు కాదు. ప్రేమకు గమ్యము మనమే యగుట తప్పు.

మన దేశమున నిటీవల జరిగిన సంగతి నొకదానిని గూడ విచారింతము. ఉత్తరప్రదేశములోని అమేఠీ జిల్లాలో 2022లో ఒక రైతునకు కాలు విరిగిన సారసపక్షి పొలమున కనబడెను. ఆతడు దానికి కట్టుకట్టి నయముచేసెను. కట్టివేయలేదు, పంజరమున పెట్టలేదు. స్వస్థపడిన పిమ్మటను అది యాతని విడువక, యాతని మోటారుసైకిలు వెంట నెగురుచు వచ్చుచుండెను. దేశమంతయు నా దృశ్యమును చూచి మురిసెను. 2023 మార్చి నెలలో అటవీశాఖవారు దానిని పక్షిరక్షితస్థలమునకును, పిమ్మట కాన్పూరులోని జంతుప్రదర్శనశాలకును చేర్చిరి. ఆతడు చూడబోయినప్పుడు అది కంచెలోపల రెక్కలు కొట్టుకొని గంతులువేసెను. రైతుది తప్పనియు, అధికారులది తప్పనియు జనులు రెండు పక్షములైరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముప్రకార మట్టి పక్షిని వ్యక్తి తనయొద్ద నుంచుకొనుటకు వీలులేదు. చట్టము కఠినమే, కాని మంచివాని కొరకు తలుపు తీసినచో పక్షులవర్తకుడును ఆ తలుపుననే ప్రవేశించును గనుక అది కఠినముగా నుండక తప్పదు. అయినను స్వేచ్ఛగా నెగురుచున్న పక్షిని స్వేచ్ఛ పేర కంచెలోపల నుంచుట చూచినప్పుడు మా పెరటిలో మేము చెప్పిన నాలుగు మాటలు మాకు జ్ఞప్తికి వచ్చినవి. గాయపడిన తొలిదినముననే తెలిసినవారిని పిలిపించి వైద్యము చేయించి, అలవాటు ముదురకముందే సారసములున్న చెరువుచేర్చియుండినచో నుభయులకును ఈ వియోగము లేకపోవును. అట్లు చేయుటకు మార్గము పల్లెలోని రైతునకు తెలిసియుండునట్లు చేయుట మాత్రము చదువుకొన్నవారి బాధ్యతయే.

చిలుకనో గోరువంకనో ఇంట పెంచుటవలన బిడ్డలకు దయ యలవడునని చెప్పు తల్లిదండ్రులు మనలో ననేకులు కలరు. బిడ్డకు నిజముగా నలవడునదేమో చూతము. తనకు ముద్దైనదానిని తనయొద్ద కట్టివేసికొనవచ్చుననియు, మేత పెట్టినవానికి మేత తిన్నదానిపై నధికారము కలదనియు నేర్చుకొనును. అంగడిలో కొన్న ప్రతి చిలుకపిల్లయు నేదోయొక తొర్రలో తల్లిని కోల్పోయినదే. అట్టి కొనుగోలే వేటకానిని మరల చెట్టెక్కించునది. రామచిలుక మొదలగు మన దేశపు వన్యపక్షులను పట్టుటయు, అమ్ముటయు, పెంచుటయు నేరమైనను, గౌరవముగల గృహస్థుల వసారాలలో పంజరము లింకను వ్రేలాడుచునే యున్నవి. ఇట్టి గృహములలో పెద్దచదువులు చదివినవారును ఉండుట మనకు సిగ్గు.

పక్షితో చెలిమియే కూడదా యని యడుగవచ్చును. కూడును, దానికి మార్గము మన పల్లెలే చూపుచున్నవి. శ్రీకాకుళము జిల్లాలోని తేలినీలాపురమునకును, చిలమత్తూరు ప్రాంతమునందలి వీరాపురమునకును ఏటేట కొంగలు వచ్చి యిండ్లనడుమనున్న చింతచెట్లపై గూళ్లు కట్టుకొనుచున్నవి. తేలినీలాపురమునకు గూడబాతులును వచ్చును. ఆ యూళ్లవారు వాని రాకను శుభముగా నెంచి, ఆడపడుచులు పుట్టింటికి వచ్చినట్లు భావించి, రాయి విసరనీయరు. కన్నడదేశమున మండ్య జిల్లాలోని కొక్కరె బెళ్లూరులోను ఇట్టిదే వాడుక. అచ్చట గూటినుండి జారిపడిన గూడబాతు పిల్లలను ఒకచోట చేర్చి, చేపలు పెట్టి, రెక్కలు రాగానే విడిచిపెట్టు పనిని ఊరివారును ప్రకృతిప్రియులును కలిసి చేసినారు. ఆ పిల్లలు ఒకటికొకటి తోడుగా, తమ జాతి తలపైననే యెగురుచుండగా పెరుగును. పక్షుల రెట్ట దుర్వాసన కొట్టును, చింతపండు పంట కొంత పోవును, రాత్రులు గోల. ఆ జనులు దానినంతయు సహించుచున్నారు. వారి భుజముపై నే పక్షియు వ్రాలదు. వారి పేరు పెట్టి యే పక్షియు పిలువదు. అయినను మరుసటియేడు పక్షులు తిరిగి వచ్చుచున్నవి. తలుపు మూయనివానియొద్దకు తిరిగివచ్చినదే నిజమైన చెలిమి.

కాబట్టి గూటినుండి జారిపడిన పిల్ల మన కంటబడినప్పుడు చేయవలసిన దేమి? ముందుగా, అది దిక్కులేనిదని తొందరపడి నిశ్చయింపరాదు. ఈకలు వచ్చి, ఎగురుట నేర్చుకొనుచు నేలపై గంతులిడు పిల్లకు తల్లిదండ్రులు సమీపముననే యుండి మేత పెట్టుచుండుట సామాన్యము. పిల్లిని, కుక్కను తోలి, పిల్లను కొమ్మపై నుంచి, దూరముగా నిలిచి చూచిన చాలును. ఈకలు లేని పిల్ల యైనచో గూటిలోనే మరల పెట్టవలెను. మనుష్యుడు తాకిన పిల్లను తల్లి ముట్టదనుట మనవారిలో వ్యాపించిన భ్రమ. ఆ భ్రమచేతనే యనేకులు తల్లియుండగా బిడ్డను దిక్కులేనిదానిని చేయుచున్నారు. గూడు చెడినచో చిన్న బుట్టను ఆ చెట్టుననే కట్టి యందుంచవచ్చును. పిల్ల నోటిలో నీళ్లు పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోయి చంపును. పాలును, రొట్టెయు పెట్టరాదు. గాయపడినచో గాలియాడు పెట్టెలో చీకటిగా, వెచ్చగా, నిశ్శబ్దముగా నుంచి, అటవీశాఖవారికిగాని పక్షివైద్య మెరిగినవారికిగాని యప్పుడే చేర్చవలెను. ఆ కొద్దిసేపును దానికి పేరు పెట్టకుండుట, మాటలు నేర్పకుండుట, పిల్లలచేతికీయకుండుట మన మనోనిగ్రహమునకు పరీక్ష.

ఇదివరకే మనచేత పెరిగి, అడవికి పనికిరాకపోయిన పక్షి మాట యేమి? దానిని తలుపు తీసి తోలుట దయ కాదు. మేమా పని చేసి చూచితిమి. విడుచుట యొక దినపు పని కాదు. అది స్వజాతి గుంపుతో కలిసి మెలగి, మేత వెదకుట నేర్చి, శత్రువునకు జంకి, మనుష్యునకును జంకునంతవరకు తెలిసినవారి పర్యవేక్షణమున నెలలతరబడి జరుగవలసిన పని. అది సాధ్యము కానప్పుడు, చట్టము నిర్ణయించినవారి కప్పగించి, దాని శేషజీవితమునకు వలయు విశాలమైన తావును, స్వజాతి తోడును సమకూర్పించుట మనపై నున్న ఋణము. పక్షి మనలను మరచినచో సంతోషింపవలెను. మరువలేకపోయినచో ఆ ఋణ మింకను తీరలేదని యెరుగవలెను.

ఈ విచారణ పక్షులతో ముగియునది కాదు. ఒకరిని చేరదీసి పెంచిన ప్రతివాడును, తల్లి గాని తండ్రి గాని గురువు గాని యాశ్రయ మిచ్చిన యజమాని గాని, తన్ను తానీ ప్రశ్న వేసికొనవలసినవాడే: నా చేతిలో పెరిగినది నేను లేనప్పుడు బ్రతుకగలదా, లేక నా కొరకు కిటికీ కొట్టుచు చీకటిలో నిలిచియుండునా? ఇతరుల ప్రేమకు పాత్రులమగుట మనకు తీపిగానే యుండును. ఆ తీపి కొరకు వారి రెక్కలను మనకు తెలియకయే కత్తిరించుచుందుము. పెంచినవాని ధర్మము పెంచుటతో తీరదు. పెరిగినదానికి తనతో పనిలేకుండ చేయుటతో తీరును. మా పెరటి జామచెట్టు క్రింద మేము నేర్చిన పాఠమిది. ఒక ప్రాణము ఖర్చుతో నేర్చితిమి. చదువరులలో నొక్కరికైనను ఆ ఖర్చు తప్పినచో, మా తప్పు నిట్లు బయటపెట్టుకొనుట వ్యర్థము కాదని యెంచెదము.